విమానం పల్టీ కొట్టాలంటే ఏ మోటార్, ఏ ప్రాపెల్లర్?



సెలవులు దగ్గర పడితే కొన్ని ఇళ్లలో ఈ సంభాషణ వినిపిస్తుంది.

"డాడీ, రిమోట్ విమానం చేస్తున్నాం. మోటార్ కొనిపెట్టవా?"

"ఏ మోటార్‌రా?"

"అన్నిటికంటే పవర్ ఉన్నది. విమానం పల్టీలు కొట్టాలి."

ఆన్‌లైన్‌లో చూస్తే పదుల కొద్దీ మోటార్లు కనిపిస్తాయి. ప్రతిదాని పక్కనా అర్థం కాని అంకెలు. పిల్లవాడు పెద్ద అంకె ఉన్నదాన్ని చూపిస్తాడు. మీరు డబ్బు కడతారు. ఆదివారం ఉదయం స్విచ్ వేసిన నిమిషంలో మోటార్ నుంచి కాలిన వాసన వస్తుంది. లేదా విమానం లేస్తుంది, కానీ పల్టీ సగంలో బలం చాలక ముక్కు నేలకు గుద్దుకుంటుంది. పిల్లవాడు ఆ పెట్టెను మంచం కిందకు తోసేస్తాడు. పోయిన డబ్బు కంటే అలా పోయే ఉత్సాహం ఎక్కువ విలువైనది.

ఫిజిక్స్ టీచర్‌గా ఒక మాట ఒప్పుకోవాలి. చదువుకునే రోజుల్లో నేను కాల్చిన మొదటి మోటార్ కూడా ఇలాగే కాలింది. మోటార్‌లో లోపం లేదు. దానికి నేను బిగించిన ప్రాపెల్లర్ దానిది కాదు.

ఈ నెల మేం చెప్పదలచుకున్నది ఇదే. మోటార్, ప్రాపెల్లర్ ఒక జత. విడివిడిగా ఏదీ మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. ముందు విమానం బరువు, తర్వాత దానితో చేయించదలచిన పని, ఆ తర్వాత ప్రాపెల్లర్, దానికి తగిన మోటార్, చివరికి బ్యాటరీ. ఈ వరసలో కొంటే డబ్బు నిలుస్తుంది, విమానమూ నిలుస్తుంది. పిల్లలు సాధారణంగా దీన్ని తిరగేసి మోటార్‌తో మొదలుపెడతారు.

ముందు తూకం, తర్వాతే కొనుగోలు

వంటింట్లో ఉండే చిన్న డిజిటల్ తూకం ఈ పనికి మొదటి పరికరం. విమానం ఒళ్లు, రెక్కలు, మోటార్, బ్యాటరీ, సర్వోలు, రిసీవర్ అన్నీ కలిపి ఎంత ఉంటాయో పిల్లల చేతనే కాగితం మీద రాయించండి. ఇంకా కొనని వస్తువుల బరువు వాటి వివరాల పట్టికలో ఉంటుంది.

బరువు తెలిశాక ఎంత పవర్ కావాలో చెప్పడానికి మోడల్ విమానాలు ఎగరేసేవారు వాడే మోటు లెక్క ఒకటి ఉంది. ఇది కిలో బరువుకు ఎన్ని వాట్లు అనే లెక్క.

నెమ్మదిగా ఎగిరే శిక్షణ విమానానికి: కిలోకు 100 నుంచి 150 వాట్లు. లాగే బలం విమానం బరువులో సగం నుంచి ముప్పావు వంతు ఉంటే చాలు.

లూప్, రోల్, తలకిందుల ప్రయాణం లాంటి విన్యాసాలకు: కిలోకు 200 నుంచి 250 వాట్లు. లాగే బలం బరువుకు సమానంగా, వీలైతే కాస్త ఎక్కువగా ఉండాలి.

ముక్కు పైకి పెట్టి గాల్లో వేలాడే 3డి విన్యాసాలకు: కిలోకు 350 వాట్లు, ఆపైన. లాగే బలం బరువుకు ఒకటిన్నర నుంచి రెండింతలు.

ఇంత తేడా ఎందుకు? మామూలుగా ఎగురుతున్నప్పుడు విమానం బరువును రెక్కలు మోస్తాయి. ప్రాపెల్లర్ గాలి నిరోధాన్ని జయిస్తే సరిపోతుంది. లూప్ కోసం ముక్కు నిలువుగా పైకి లేచినప్పుడు రెక్కల సాయం బరువుకు అందదు. అప్పటిదాకా కూడగట్టుకున్న వేగం, ప్రాపెల్లర్ లాగుడు, ఈ రెండే దాన్ని పైకి తీసుకెళ్లాలి. లాగుడు బరువుకు సమానంగా ఉంటే విమానం పైన కూడా స్థిమితంగా ఉంటుంది. చాలా తక్కువైతే లూప్ నెత్తిన వేగం చచ్చి పక్కకు ఒరిగి పడిపోతుంది.

ప్రాపెల్లర్ మీద రెండు అంకెలు

ప్రాపెల్లర్ మీద 10×5 అని ముద్రించి ఉంటుంది. మొదటి అంకె వ్యాసం, అంటే ఒక కొస నుంచి మరో కొసకు 10 అంగుళాలు. రెండోది పిచ్. బోల్టును ఒక చుట్టు తిప్పితే నట్టులోకి కొంత దూరం దిగుతుంది కదా, అలాగే ప్రాపెల్లర్ ఒక చుట్టు తిరిగితే జారుడు లేకుండా ఎంత ముందుకు పోవాలో చెప్పేది పిచ్. ఇక్కడ 5 అంగుళాలు.

వ్యాసం లాగుడును ఇస్తుంది, పిచ్ వేగాన్ని ఇస్తుంది. పూర్తిగా ఇంతే అని కాదు గానీ మొదటి నిర్ణయానికి ఈ మాట చాలు.

ఇంట్లో ఉదాహరణ కావాలంటే పైకి చూడండి. 48 అంగుళాల సీలింగ్ ఫ్యాన్ నిమిషానికి 350 చుట్ల దగ్గర తిరుగుతుంది. 16 అంగుళాల టేబుల్ ఫ్యాన్ దానికి మూడు నాలుగింతల వేగంతో తిరుగుతుంది. అయినా గది మొత్తానికి గాలి తోలేది సీలింగ్ ఫ్యానే. పెద్ద రెక్క నెమ్మదిగా తిరిగి ఎక్కువ గాలిని కాస్త కదిలిస్తుంది. చిన్న రెక్క వేగంగా తిరిగి కొద్ది గాలిని గట్టిగా తోస్తుంది. విమానం బరువును పైకి లాగాలంటే మొదటి పద్ధతి మేలు. నిటారుగా దూసుకుపోయే రేసు విమానానికి రెండోది మేలు.

విన్యాసాల విమానానికి పెద్ద వ్యాసం, మధ్యస్థ పిచ్ ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. ముక్కు కిందికి పెట్టి దిగేటప్పుడు త్రాటిల్ తగ్గిస్తే అలాంటి ప్రాపెల్లర్ గాలికి అడ్డుపడి బ్రేకులా పనిచేస్తుంది. పైకి వెళ్లేటప్పుడూ కిందికి వచ్చేటప్పుడూ వేగం దాదాపు ఒకేలా ఉంటుంది. పిల్లవాడికి ఆలోచించుకునే సమయం దొరుకుతుంది. అంతర్జాతీయ పోటీల్లో 2 మీటర్ల విన్యాస విమానాలకు 20 అంగుళాలు దాటిన ప్రాపెల్లర్లు కనిపించడం ఇందుకే.

కె.వి. ఎక్కువైతే బలం ఎక్కువ కాదు

మోటార్ మీద 900 కె.వి., 1400 కె.వి., 2200 కె.వి. అని ఉంటుంది. పిల్లలు దీన్ని బైకు సి.సి. లాగా చదువుతారు. పెద్దలు కొందరు కిలోవోల్టులు అనుకుంటారు. రెండూ కావు. ప్రాపెల్లర్ లేకుండా ఒక వోల్టు ఇస్తే మోటార్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే అంకె అది. 900 కె.వి. మోటార్‌కు 11.1 వోల్టులు ఇస్తే 9,990 చుట్లు. ప్రాపెల్లర్ బిగించాక, జత సరైనదైతే, అందులో ముప్పావు వంతు మిగులుతుంది. అంటే సుమారు 7,500.

కె.వి. ఎక్కువైన మోటార్ చిన్న ప్రాపెల్లర్‌ను వేగంగా తిప్పడానికి చేసింది. తక్కువైనది పెద్ద ప్రాపెల్లర్‌ను నెమ్మదిగా తిప్పడానికి. మోసే బలం కె.వి.లో ఉండదు. మోటార్ పరిమాణంలో, అది తట్టుకునే వాట్లలో, ఆంపియర్లలో ఉంటుంది. కొనేటప్పుడు అడగాల్సిన అంకెలు ఇవి.

రొయ్యల చెరువు ఉన్నవారికి ఈ సంగతి కొత్త కాదు. ఏరియేటర్ మోటార్ నిమిషానికి 1,400 పైచిలుకు చుట్లు తిరుగుతుంది. చక్రాలు మాత్రం గేర్‌బాక్స్ పుణ్యమా అని దాదాపు వంద చుట్లే తిరుగుతాయి. గేర్‌బాక్స్ తీసేసి మోటార్‌కు నేరుగా చక్రాలు తగిలిస్తే ఏమవుతుంది? మోటార్ తన వేగం అందుకోలేక కరెంటు గుంజుకుంటూ వేడెక్కి వైండింగ్ కాలిపోతుంది. మీ పిల్లవాడు 2200 కె.వి. మోటార్‌కు 10 అంగుళాల ప్రాపెల్లర్ బిగించినా జరిగేది అదే. ఇక్కడ గేర్‌బాక్స్ ఉండదు. ప్రాపెల్లర్ పరిమాణమే గేర్.

ఒక విమానానికి లెక్క వేద్దాం

ఫోమ్ షీటుతో చేసిన విమానం అనుకోండి. రెక్క పొడవు 1 మీటరు, వెడల్పు 20 సెంటీమీటర్లు. అన్నీ కలిపి బరువు 700 గ్రాములు. లూప్, రోల్ చేయాలి.

మొదటి మెట్టు, వాట్లు. కిలోకు 200 నుంచి 250 చొప్పున 0.7 కిలోలకు 140 నుంచి 175 వాట్లు కావాలి.

రెండో మెట్టు, ప్రాపెల్లర్. ఈ పరిమాణానికి 10×5 సరిపోతుంది. నిమిషానికి 7,500 చుట్ల దగ్గర అది సుమారు 800 గ్రాముల బలంతో లాగుతుంది. బరువు 700 గ్రాములే కాబట్టి కాస్త మిగులు ఉంది.

మూడో మెట్టు, వేగం. 7,500 చుట్లు, చుట్టుకు 5 అంగుళాలు. నిమిషానికి 37,500 అంగుళాలు. గంటకు దాదాపు 57 కిలోమీటర్లు. ఇది ప్రాపెల్లర్ ఇవ్వగల గరిష్ఠ వేగం, విమానం దీనికి కొంచెం తక్కువలో ఎగురుతుంది. ఈ బరువు, ఈ రెక్క వైశాల్యం ఉన్న విమానం గంటకు సుమారు 27 కిలోమీటర్ల కంటే నెమ్మదిస్తే పట్టు తప్పి పడుతుంది. ప్రాపెల్లర్ వేగం పట్టు తప్పే వేగానికి కనీసం రెండింతలు ఉండాలి. 57 ఆ గీత దాటింది.

నాలుగో మెట్టు, మోటార్. 7,500 చుట్లు కావాలి, ప్రాపెల్లర్ పెట్టాక మిగిలేది ముప్పావు వంతు. కాబట్టి ఖాళీగా 10,000 చుట్లు తిరగాలి. మూడు సెల్స్ బ్యాటరీ 11.1 వోల్టులు. భాగిస్తే 900 కె.వి. వస్తుంది. ఈ జత 150 వాట్ల దగ్గర వాడుతుంది, అంటే 13 నుంచి 14 ఆంపియర్లు. ఎప్పుడూ కొంత మిగులు ఉంచుకోవాలి కనుక 200 వాట్లు, 20 ఆంపియర్లు తట్టుకునే మోటార్ తీసుకోండి.

ఐదో మెట్టు, ఇ.ఎస్.సి. మోటార్ వేగాన్ని అదుపు చేసే చిన్న బోర్డు ఇది. 30 ఆంపియర్లది పెడితే వేడెక్కదు.

ఆరో మెట్టు, బ్యాటరీ. మూడు సెల్స్, 2200 ఎం.ఎ.హెచ్. లిపో బ్యాటరీ 180 గ్రాముల దగ్గర తూగుతుంది. ఐదో వంతు మిగిల్చి వాడితే పూర్తి వేగంలో ఏడు నిమిషాలకు పైగా, మామూలుగా త్రాటిల్ పెంచుతూ తగ్గిస్తూ ఎగరేస్తే పది నిమిషాల దగ్గర వస్తుంది. ఎక్కువసేపు ఎగరాలని పెద్ద బ్యాటరీ పెడితే బరువు పెరుగుతుంది. అప్పుడు మళ్లీ మొదటి మెట్టు నుంచి లెక్క వేయాలి.

ఈ ఆరు మెట్లలో హెచ్చవేతలు, భాగహారాలే ఉన్నాయి. ఎనిమిదో తరగతి విద్యార్థి చేయగలడు. మీరు పక్కన కూర్చుంటే చాలు.

ఒక్క అంగుళం ఖరీదు

"10 అంగుళాలు బాగుంటే 11 ఇంకా బాగుంటుంది కదా" అని పిల్లలు అడుగుతారు. దీనికీ లెక్కతోనే జవాబు చెప్పవచ్చు. అదే వేగంతో తిప్పాలంటే ప్రాపెల్లర్ అడిగే పవర్ స్థూలంగా వ్యాసాన్ని నాలుగుసార్లు హెచ్చవేసి, పిచ్‌తో గుణిస్తే వచ్చే సంఖ్యను అనుసరించి మారుతుంది.

10×5కు ఆ సంఖ్య 50,000. 11×5కు 73,205. ఒక్క అంగుళం పెంచితే భారం 46 శాతం పెరిగింది. వ్యాసం అలాగే ఉంచి పిచ్‌ను 5 నుంచి 6కు పెంచితే 20 శాతమే పెరుగుతుంది. 9×6కు మారితే 39,366, అంటే భారం 21 శాతం తగ్గి, వేగం కొంత పెరుగుతుంది.

వేగం సంగతి ఇంకా తీవ్రం. చుట్లు రెండింతలైతే పవర్ రెండింతలు కాదు, ఎనిమిదింతలు కావాలి. పక్కింటి అన్నయ్య దగ్గర నాలుగు సెల్స్ బ్యాటరీ ఉందని అరువు తెచ్చి అదే ప్రాపెల్లర్‌తో పెడితే 11.1 వోల్టుల చోట 14.8 వోల్టులు వెళ్తాయి. మోటార్ దాదాపు 2.4 రెట్ల పవర్ గుంజడానికి ప్రయత్నిస్తుంది. ముందు ఇ.ఎస్.సి. పోతుంది, లేకపోతే మోటార్ పోతుంది.

మంచి విషయం ఏమిటంటే వీటన్నిటిలో ప్రాపెల్లరే చవక. మోటార్, ఇ.ఎస్.సి. ధర దానికి ఎన్నో రెట్లు. కాబట్టి ఒకే మోటార్‌కు 9×6, 10×5 రెండూ కొని ఉంచుకోండి. ఒకటి విరిగితే ఆట ఆగదు. రెండూ మార్చి ఎగరేస్తే తేడా ఏమిటో పిల్లలకు చేతిలో తెలుస్తుంది.

మోటారా, ఇంధనంతో నడిచే ఇంజనా?

కొందరు పిల్లలు వీడియోల్లో పొగ వదులుతూ గోల చేసే ఇంజన్లు చూసి అదే కావాలంటారు. ఇంధనంతో నడిచేవి ప్రధానంగా రెండు రకాలు. మిథనాల్, ఆముదం లేదా సింథటిక్ నూనె, కొద్దిగా నైట్రోమీథేన్ కలిపిన ఇంధనంతో నడిచేది గ్లో ఇంజన్. రెండున్నర కిలోల దగ్గరి విమానానికి 7.5 సి.సి. గ్లో ఇంజన్, 11×5 లేదా 11×6 ప్రాపెల్లర్ ఎన్నో ఏళ్లుగా పేరున్న జత. పెద్ద విమానాలకు పెట్రోల్ ఇంజన్లు వాడతారు.

మొదటిసారి కొనేవారికి, అందులోనూ కోనసీమలో ఉన్నవారికి, మా సలహా ఎలక్ట్రిక్ మోటారే. మిథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. సముద్రం, కాలువలు, చెరువుల మధ్య ఉండే మన గాలిలో మూత సరిగా పెట్టని డబ్బా త్వరగా పాడవుతుంది. ఆ ఇంధనంతో ఇంజన్ మొరాయిస్తుంది, లోపలి బేరింగులు తుప్పు పడతాయి. అంతకంటే ముఖ్యం, మిథనాల్ విషం. చిన్నపిల్లలు తిరిగే ఇంట్లో అది ఉండకపోవడం మంచిది. ఇంజన్ స్టార్ట్ చేయడానికి తిరిగే రెక్క దగ్గరే చెయ్యి పెట్టాలి, చప్పుడూ ఎక్కువ. అనుభవం ఉన్న పెద్దవారు పక్కన ఉండి నేర్పితే గ్లో ఇంజన్ గొప్ప విద్యే. అది రెండో అడుగు కావాలి.

ఇంకో జాగ్రత్త. ఎలక్ట్రిక్ మోటార్ల కోసం చేసిన పల్చని ప్రాపెల్లర్‌ను ఇంధన ఇంజన్‌కు బిగించకూడదు. ఇంజన్ కొట్టే కుదుపులకు అది విరిగి ఎగిరిపోవచ్చు. "స్లో ఫ్లై" అని రాసి ఉన్నవి ఇంకా పల్చన. వాటికి కంపెనీ చెప్పిన చుట్ల పరిమితి దాటకూడదు.

కొన్నాక, ఎగరేసే ముందు

సామాన్లు ఇంటికి వచ్చిన రోజే పొలానికి పరుగెత్తవద్దు. ఒక సాయంత్రం ఇంట్లో పరీక్షకు కేటాయించండి.

ప్రాపెల్లర్ లేకుండా మోటార్ ఏ వైపు తిరుగుతుందో చూడండి. తిరగాల్సిన వైపు కాకపోతే మూడు వైర్లలో ఏ రెండిటినైనా మార్చితే సరి. త్రీఫేజ్ మోటార్ తిరుగుడు మార్చడానికి మీ ఎలక్ట్రీషియన్ చేసేదీ ఇదే.

ప్రాపెల్లర్ బిగించేటప్పుడు అంకెలు ముద్రించిన వైపు విమానం వెళ్లే దిశకు ఉండాలి. తిరగేసి బిగించినా కొంత లాగుతుంది కానీ బలం బాగా తగ్గుతుంది. "మోటార్ మంచిది కాదు" అని తిరిగి పంపే ముందు దీన్ని ఒకసారి చూడండి.

తర్వాత విమానం తోకను సామాన్లు తూచే డిజిటల్ కొక్కెం తూకానికి కట్టి, తూకాన్ని కదలని స్తంభానికి కట్టండి. పెద్దవారు ప్రాపెల్లర్‌కు వెనక నిలబడి త్రాటిల్ మెల్లగా పెంచాలి. తూకం మీద కనిపించేదే లాగుడు. బ్యాటరీకీ ఇ.ఎస్.సి.కీ మధ్య వాట్‌మీటర్ పెడితే వోల్టులు, ఆంపియర్లు, వాట్లు కనిపిస్తాయి. పూర్తి త్రాటిల్‌లో పది సెకన్లు చాలు. ఆంపియర్లు మోటార్ పరిమితి దాటితే చిన్న ప్రాపెల్లర్‌కు మారండి. ఆపాక మోటార్‌ను తాకి చూడండి. వెచ్చగా ఉండవచ్చు, వేలు ఆనించలేనంత వేడి ఉంటే జత కుదరలేదన్నమాట.

కాగితం మీద వేసిన లెక్కకూ తూకం చూపిన అంకెకూ తేడా వస్తుంది. ఎందుకొచ్చిందని పిల్లల్ని అడగండి. ఆ సాయంత్రానికి అసలు ఫలితం ఆ చర్చే.

వేళ్లు, బ్యాటరీ, చోటు

10 అంగుళాల ప్రాపెల్లర్ 7,500 చుట్ల దగ్గర తిరుగుతున్నప్పుడు దాని కొస గంటకు దాదాపు 360 కిలోమీటర్ల వేగంతో పోతుంది. చూడ్డానికి ప్లాస్టిక్ ముక్కే. తగిలితే వేలు తెగుతుంది. ఇంట్లో సర్వోలు, రిమోట్ సరిచూసుకునేటప్పుడు ప్రాపెల్లర్ ఊడదీసి ఉండాలి. బ్యాటరీ తగిలించాక విమానానికి ముందు గానీ ప్రాపెల్లర్‌కు సరిగ్గా పక్కన గానీ ఎవరూ ఉండకూడదు. ఈ రెండూ మీ ఇంటి నియమాలుగా పెట్టండి, మినహాయింపులు వద్దు.

లిపో బ్యాటరీని దానికి తగిన బ్యాలన్స్ చార్జర్‌తోనే, 2200 ఎం.ఎ.హెచ్.కు 2.2 ఆంపియర్లు మించకుండా చార్జ్ చేయాలి. రాత్రి పెట్టి పడుకోవడం, పిల్లలకు అప్పగించి బయటికి వెళ్లడం వద్దు. మంచం, సోఫా కాకుండా గచ్చు మీద పెట్టండి. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ వాడవద్దు. వారాల పాటు పక్కన పెట్టేటప్పుడు సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచండి. ఎండలో ఆపిన కారులో వదిలేయవద్దు.

మన దగ్గర చోటు దొరకడం తేలిక కాదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట, ఎటు చూసినా కొబ్బరి తోటలు, వాటి మధ్య కరెంటు తీగలు. కోతలయ్యాక ఖాళీ అయిన వరి చేలు మంచి చోటు, యజమాని అనుమతితో. కింద మెత్తగా ఉంటుంది, పడినా ప్రాపెల్లరే పోతుంది. కొమ్మలో చిక్కిన విమానం కోసం పిల్లల్ని చెట్టు ఎక్కనివ్వవద్దు. తీగల మీద పడితే విద్యుత్ సిబ్బందికి చెప్పాలి, కర్ర పెట్టి లాగకూడదు. చమురు, గ్యాస్ బావులు, పైపులైన్ కేంద్రాల దరిదాపుల్లో ఎగరేయవద్దు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం లాంటి జనసమ్మర్దం మీద ఎగరేయాలని పిల్లలకు ఎంత సరదా ఉన్నా కుదరదని చెప్పండి.

నిబంధనలూ ఉన్నాయి. డ్రోన్ రూల్స్ 2021 రిమోట్‌తో ఎగిరే మోడల్ విమానాలకూ వర్తిస్తాయి. 250 గ్రాముల లోపువి నానో, ఆపైన 2 కిలోల వరకు మైక్రో. మన ఉదాహరణ విమానం మైక్రో కిందికి వస్తుంది. వ్యాపారం కోసం కాకుండా మైక్రో తరగతివి ఎగరేయడానికి పైలట్ లైసెన్సు అక్కర్లేదు. కానీ రిజిస్ట్రేషన్ నంబరు విషయం వేరు. కొనే ముందే అప్పటికి అమలులో ఉన్న రిజిస్ట్రేషన్, బీమా నిబంధనలు, మీ ఊరు ఏ రంగు జోన్‌లో ఉందో చూసుకోండి. గ్రీన్ జోన్‌లో కూడా ఎత్తు పరిమితి 400 అడుగులు. విమానం ఎప్పుడూ కంటికి కనిపిస్తూ ఉండాలి.

విన్యాసాల విమానం మొదటి విమానం కాకూడదన్నది చివరి జాగ్రత్త. కొన్ని వారాలు కంప్యూటర్ సిమ్యులేటర్ మీద, తర్వాత నెమ్మదైన శిక్షణ విమానం మీద చెయ్యి తిరగాలి. పైన చెప్పిన 900 కె.వి. మోటార్ ఆ శిక్షణ విమానానికీ పనికొస్తుంది, తక్కువ త్రాటిల్‌లో నడుపుకోవచ్చు. తర్వాత దాన్నే ఊడదీసి విన్యాసాల విమానానికి బిగించుకోవచ్చు. ఒక ఖర్చుతో రెండు విమానాలు.

అమ్మాయిలకూ అబ్బాయిలకూ

తొమ్మిదో తరగతిలో చదివే చర్య, ప్రతిచర్య నియమం ప్రాపెల్లర్ వెనక్కు తోసే గాలిలో ఉంది. పదో తరగతి విద్యుత్ పాఠంలో వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు అని రాసే సూత్రం వాట్‌మీటర్ తెర మీద ఉంది. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ శిక్షణలో ఏరోమోడలింగ్ ఒక భాగం. ఇది అబ్బాయిల ఆట అనుకోకండి. తూకం వేసి, పట్టిక గీసి, ఓపికగా ఒక్కో ప్రాపెల్లర్ మార్చి చూసే గుణం ఎవరికుంటే వారి విమానమే బాగా ఎగురుతుంది.

ఈసారి మీ పిల్లలు "అన్నిటికంటే పవర్ ఉన్న మోటార్ కొనిపెట్టండి" అంటే కాదనవద్దు, వెంటనే సరే అనవద్దు. ఒక కాగితం ఇచ్చి ఈ ఐదు ప్రశ్నలకు జవాబులు రాసి తెమ్మనండి.

1. విమానం మొత్తం బరువు ఎంత?
2. దానితో ఏం చేయించాలి? అందుకు ఎన్ని వాట్లు కావాలి?
3. ప్రాపెల్లర్ వ్యాసం, పిచ్ ఎంత? ఎందుకు?
4. ఆ ప్రాపెల్లర్‌ను ఆ వోల్టుల దగ్గర తిప్పడానికి ఎన్ని కె.వి., ఎన్ని ఆంపియర్ల మోటార్?
5. ఎక్కడ ఎగరేస్తావు? పక్కన ఏ పెద్దవారు ఉంటారు?

ఐదింటికీ జవాబు వచ్చిన రోజు డబ్బు ఇవ్వండి. చేలో విమానం మొదటి లూప్ పూర్తిచేసి సమంగా బయటికి వచ్చినప్పుడు మీ అబ్బాయి లేదా అమ్మాయి మొహం చూడండి. అది తమ లెక్క నిజమైందని తెలిసిన సంతోషం.